తొమ్మిది ముడులు
(ఆర్మూరులో చేసిన స్మారక ఉపన్యాసం)



మా జువాలజీ సారు పేరిట ఏటా జరిగే ఈ సభలో ఈసారి నన్ను మాట్లాడమన్నారు. ఏం మాట్లాడాలో వెతుక్కోవలసిన పని పడలేదు. సారును తలుచుకోగానే నా కళ్ళ ముందుకు వచ్చేది ఇంటర్ జువాలజీ ప్రాక్టికల్ గది. మైనం పోసిన పళ్ళెం, అందులో నీళ్ళు, నీళ్ళలో గుండుసూదులు గుచ్చి పరిచిన బొద్దింక. పేగులూ తెల్లటి కొవ్వూ పక్కకు జరిపి, అడుగున పొట్టవైపు సాగిన సన్నని జంట దారాన్ని చూపించి, "ముడులు లెక్కపెట్టు" అన్నారు. ఛాతీలో మూడు, కడుపులో ఆరు. లెక్క చెప్పాను. "ఆరూ మూడూ. మన ఊరి పేరే దీని లోపల ఉంది చూడు" అన్నారు.

మన నవనాథ సిద్ధుల గుట్ట మీద తొమ్మిదిమంది సిద్ధులు ఉండేవారనీ, ఆరూ మూరూ కలిస్తే తొమ్మిది కాబట్టి ఊరికి ఆర్మూరు అని పేరు వచ్చిందనీ పెద్దలు చెప్పుకుంటారు. ఆ కథ ఇక్కడున్న పిల్లలకు కూడా తెలుసు. ఆ లెక్క బొద్దింక లోపల కనబడినందుకు సారు మొహం వెలిగిపోవడం చూశాను. పాఠ్యపుస్తకం వాటిని నాడీసంధులు అంటుంది. నేను ఇవాళ సారు మాటే వాడుకుంటాను. ముడులు.

ఆ రోజు నేను ఒక ప్రశ్న అడిగాను. తల తెగిన బొద్దింక ఇంకా కాళ్ళు ఎందుకు ఆడిస్తుంది సార్ అని. ఆయన తిరిగి నన్నే అడిగారు: "నడక తలలో ఉంటుందని నీకు ఎవరు చెప్పారు?" ఇన్నేళ్ళుగా నేను చదివినదంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగింది.

ముందు నడకనే చూద్దాం. బొద్దింకకు ఆరు కాళ్ళు. పరుగెత్తేటప్పుడు అవి ఒకదాని తర్వాత ఒకటిగా లేవవు. ఒక పక్క ముందు కాలు, వెనక కాలు, రెండో పక్క నడిమి కాలు, ఈ మూడూ ఒకేసారి నేల మీద ఉంటాయి. మిగతా మూడూ గాలిలో ముందుకు వస్తాయి. వెంటనే తారుమారు. అంటే ప్రతి అడుగులోనూ పురుగు ఒక ముక్కాలి పీట మీద నిలబడి ఉంటుంది. ముక్కాలి పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగదని మన ఇళ్ళలో అందరికీ తెలిసిన సంగతే. చీమ, ఈగ, పెంకు పురుగు, దాదాపు అన్నీ ఈ మూడూ మూడూ లెక్కతోనే నడుస్తాయి.

ఈ లెక్క చూసుకునేది తల కాదు. ఛాతీలోని మూడు ముడులు. ఒక్కో ముడి కింద ఒక జత కాళ్ళు. ప్రతి ముడిలోనూ ఒక జట్టు కణాలు కాలు లేపమంటే, వాటికి ఎదురు జట్టు దించమంటుంది. ఒకటి పని చేస్తున్నంత సేపు రెండోదాన్ని అణచి ఉంచుతుంది, అలిసిపోగానే రెండోది లేస్తుంది. ఒక్కో ముడీ పక్క ముడితో దారం ద్వారా పొత్తు కుదుర్చుకుంటుంది. కాలి మీద బరువు పడిందా లేదా అని కాలి గోడలోనే ఉండే చిన్న చిన్న గ్రాహకాలు కబురు పంపుతాయి. బరువు దిగనిదే కాలు లేవదు. ఈ నియమాలతోనే నడక కుదురుతుంది.

1961లో డొనాల్డ్ విల్సన్ మిడత మీద చేసిన పని ఈ శాస్త్రానికి పునాది రాయి. రెక్కల నుంచి వచ్చే స్పర్శ కబుర్లు మోసే నరాలను ఆయన కోసేశాడు. రెక్కలు ఎక్కడ ఉన్నాయో ముడులకు తెలిసే దారి లేదు. అయినా ఎగిరే లయ ఆగలేదు, నెమ్మదించిందంతే. లయ పుట్టేది ముడుల్లోనే అని తేలింది. ఆ మరుసటి సంవత్సరం, 1962లో, హారిడ్జ్ అనే శాస్త్రవేత్త ఇంకో అడుగు ముందుకు వేశాడు. తల తీసేసిన బొద్దింకను నీళ్ళ పైన వేలాడదీశాడు. కాలు కిందికి జారి నీటిని తాకితే చిన్న విద్యుత్ దెబ్బ. కొంతసేపటికి ఆ కాలు పైకి ముడుచుకుని ఉండటం నేర్చుకుంది. నేర్చుకున్నది తల కాదు, తల లేదు కదా. ఛాతీలోని ముడి నేర్చుకుంది.

మిడత మాట వచ్చింది కనుక 2020 మే నెల గుర్తు చేస్తాను. రాజస్థాన్ మీదుగా వచ్చిన మిడతల దండు విదర్భ దాకా చేరింది. సరిహద్దు జిల్లాలన్నిటినీ అప్రమత్తం చేశారు. మన దగ్గర కూడా డబ్బాలు కొట్టాలా, పొగ వెయ్యాలా అని మాట్లాడుకున్నాం. ఒంటరిగా బతికే మిడత, మంద మిడతగా మారడానికి కావలసింది ఏమిటో తెలుసా? వెనక కాళ్ళ తొడలకు తోటి మిడతల ఒరిపిడి. కొన్ని గంటల ఒరిపిడికే ఛాతీ ముడుల్లో సెరటోనిన్ అనే రసాయనం పెరిగి, దూరదూరంగా ఉండే పురుగు గుంపులో కలుస్తుందని 2009లో బ్రిటన్ శాస్త్రవేత్తలు నిరూపించారు. దండు కట్టడం కూడా ఛాతీలోనే మొదలైంది.

మరి తల ఎందుకు?

కెనెత్ రోడర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1930లలో గొల్లభామల మీద పని చేశాడు. చేతులు జోడించి దండం పెట్టినట్టు కూర్చునే ఆకుపచ్చ పురుగు, మన చేలలో ఉండేదే. తలలో ఉండే పై ముడిని తొలగిస్తే గొల్లభామ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. ఎదురుగా గోడ వచ్చినా ఆగదు. గొంతు కింద ఉండే ముడిని కూడా తీసేస్తే నడక దాదాపు నిలిచిపోతుంది. దీని అర్థం ఏమిటంటే, కింది ముడి 'నడువు' అంటూ ఛాతీని అదిలిస్తూ ఉంటుంది. పై ముడి 'ఆగు, ఇప్పుడు కాదు' అంటూ దాన్ని పట్టి ఉంచుతుంది. గొల్లభామ ఆకు మీద గంటల తరబడి కదలకుండా కూర్చున్నప్పుడు దాని మెదడు పని మానుకుని లేదు. పట్టి ఉంచడమే దాని పని.

ఇక్కడ మన పెద్దల మాట ఒకటి చెప్పాలి. భ్రమరకీటక న్యాయం. పురాణ కాలక్షేపాల్లో చాలాసార్లు విన్నాం. తుమ్మెద ఒక పురుగును తెచ్చి మట్టిగూట్లో పెట్టి, చుట్టూ ఝుమ్మని తిరుగుతుంటే, ఆ పురుగు భయంతో తుమ్మెదనే తలుచుకుని తలుచుకుని చివరికి తుమ్మెదే అయిపోతుందని. భక్తికి చెప్పిన పోలిక అది, దాని జోలికి నేను పోను. కానీ ఆ పోలిక వెనక ఉన్న చూపు చాలా నిశితమైనది. దూలాల మీద, కిటికీ మూలల్లో మట్టిగూళ్ళు కట్టే కందిరీగను ఎవరో రోజుల తరబడి చూశారు. లోపలికి పోయింది పురుగు, బయటికి వచ్చింది కందిరీగ. వారు చూసినంత వరకు అక్షరాలా నిజం. చూడలేకపోయింది గూటి లోపల జరిగినది. కందిరీగ పురుగును చంపదు. దాని ముడుల్లోకి కొండి దించి చచ్చుబడేలా చేస్తుంది. కుళ్ళకుండా, పారిపోకుండా ఉన్న ఆ పురుగు మీద గుడ్డు పెడుతుంది. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల దాన్ని తిని, పెరిగి, రెక్కలతో బయటికి వస్తుంది.

కందిరీగల్లో బొద్దింకను వేటాడేది ఒకటుంది. మరకతం రంగులో మెరుస్తుంది, వెనక రెండు జతల కాళ్ళకు తొడలు ఎర్రన. శాస్త్రనామం ఆంప్యులెక్స్ కంప్రెసా. మన దేశంలోనూ ఉంది. ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ లిబర్సాట్ బృందం ఏళ్ళ తరబడి దీన్నే చదివింది. అది రెండుసార్లు కుడుతుంది. మొదటిది ఛాతీలోని మొదటి ముడిలో. ముందు కాళ్ళు రెండు మూడు నిమిషాలు పడిపోతాయి, బొద్దింక పెనుగులాడలేదు. ఆ వ్యవధిలో మెడ సందున కొండి దించి, తలలోని ముడుల్లోకి తడిమి తడిమి విషం ఎక్కిస్తుంది. రెండోసారి కుట్టిన తర్వాత బొద్దింక చచ్చుబడదు. అరగంట సేపు ఒళ్ళు తుడుచుకుంటుంది. తర్వాత నిలబడిపోతుంది. కాళ్ళు బాగానే ఉంటాయి. తిరగేస్తే బోర్లా పడి లేస్తుంది. కందిరీగ దాని మీసం పట్టుకుని లాగితే, పగ్గం పట్టిన పశువులా వెంట నడుస్తుంది. తన సమాధిలోకి తానే నడిచి పోతుంది. తనంతట తాను మాత్రం ఒక్క అడుగు వెయ్యదు.

ఈ సంగతి మొదట చదివినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నడవగలగడం వేరు, నడవాలనిపించడం వేరు. రెండో దానికి తలలో ఒక చోటు ఉంది, చుక్క విషంతో అది మూగబోతుంది. మత్తుమందును అదే చోటికి సూదితో ఎక్కించినా బొద్దింక తనంతట తాను నడవడం తగ్గిపోతుందని ఆ బృందమే చూపించింది.

తలలో అలాంటి చోట్లు ఇంకా ఉన్నాయి, వాటిలో ముఖ్యమైనదాన్ని సెంట్రల్ కాంప్లెక్స్ అంటారు. పురుగు మెదడు సరిగ్గా నడిమధ్యన, కుడి ఎడమలు కలిసే చోట ఉంటుంది. అమెరికాలో క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో రాయ్ రిట్జ్‌మన్, ఆయన సహచరులు తిరుగాడే బొద్దింక తలలో ఆ భాగంలోకి సన్నని తీగలు దించి విన్నారు. బొద్దింక మలుపు తిరగబోయే ముందు అక్కడి కణాలు మోగాయి. కొన్ని ఎడమ మలుపుకు, కొన్ని కుడికి, కొన్ని వేగం పెరగడానికి. తర్వాత అదే తీగల ద్వారా చిన్న కరెంటు పంపితే బొద్దింక దాదాపు అలాంటి మలుపే తిరిగింది. ఈ ఫలితాలు 2015లో వచ్చాయి. ఆ బృందమే అంతకు ముందు చేసిన ఇంకో పరిశీలన నాకు మరీ ఇష్టం. దారిలో అరుగు లాంటి అడ్డు పెడితే బొద్దింక ఆగి మీసాలతో తడుముతుంది. ఎక్కాలా, కిందుగా దూరాలా? వెలుతురు ఉంటే దూరడానికే మొగ్గు, చీకటైతే ఎక్కడానికి మొగ్గు. అంటే మీసం చెప్పిన మాటనూ కన్ను చెప్పిన మాటనూ ఒక చోట కూర్చోబెట్టి విచారించి, తీర్పును ఛాతీ ముడులకు పంపుతున్నారు అక్కడ. పంచాయతీ అక్కడ, పని ఇక్కడ.

అదే 2015లో ఈగ తలలో ఇంకో అద్భుతం బయటపడింది. అమెరికాలోని జెనీలియా పరిశోధన కేంద్రంలో యోహానెస్ సీలిగ్, వివేక్ జయరామన్ ఒక పండు ఈగను చిన్న బంతి మీద నడిపించారు. సెంట్రల్ కాంప్లెక్స్‌లో ఉంగరం ఆకారంలో ఒక భాగం ఉంది. ఆ ఉంగరంలో ఒక చోట కణాలు చురుకుగా ఉండి, ఈగ తిరిగిన కొద్దీ ఆ చురుకు ఉంగరం చుట్టూ జరిగింది. దిక్సూచి ముల్లు లాగా. దీపం ఆర్పేసినా, ఈగ తాను ఎంత తిరిగిందో లెక్క వేసుకుంటూ ముల్లును కదుపుతూనే ఉంది. అటూ ఇటూ వెతికే ప్రాణికి ముందు కావలసింది ఇదే. నేనిప్పుడు ఎటు చూస్తున్నాను? ఇది తెలిస్తేనే ఇంటికి తిరిగి రాగలం. ఎడారి చీమల కాళ్ళకు పంది వెంట్రుకలతో పొడుగు కర్రలు అతికించిన ప్రయోగం కూడా ఈ సందర్భంలోనే చెప్పాలి. కర్రలు కట్టిన చీమలు పుట్టను దాటి ముందుకు పోయాయి, కాళ్ళు పొట్టి చేసినవి పుట్టకు ముందే ఆగి వెతికాయి. దిక్కు ఒక చోట, అడుగుల లెక్క ఇంకో చోట. రెండూ కలిస్తే దారి.

2024 అక్టోబరులో పండు ఈగ మెదడు పటం మొత్తం అచ్చయింది. ఒక ఆడ ఈగ తలలో 1,39,255 నాడీకణాలు, వాటి మధ్య ఐదు కోట్లకు పైగా కలయికలు. ఆ పటంలో నన్ను ఆపేసిన అంకె వేరే. ఇంత తల నుంచి మెడ గుండా కిందికి దిగే కణాలు సుమారు 1,300 మాత్రమే. మెడలో ఆ సన్నని కట్ట గుండా ప్రతి కండరానికీ విడివిడిగా ఆజ్ఞ పంపడం కుదరని పని. పంపుతున్నది ఎటు, ఎంత వేగం, ఎప్పుడు ఆగాలి అన్నవే. మిగతాది ముడులకు తెలుసు. "నడక తలలో ఉంటుందని ఎవరు చెప్పారు" అని సారు అడిగిన ప్రశ్నకు నాకు తెలిసినంతలో ఇంతకన్నా సూటి జవాబు లేదు.

ఇదంతా అమెరికాలో, ఇజ్రాయెల్‌లో జరిగిందే అనుకోకండి. 1960లలో తిరుపతిలో, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగంలో, ఆచార్య కె. పంపాపతిరావు, ఆయన శిష్యులు మన నేల మీద తిరిగే పెద్ద నల్లతేలును తీసుకుని పని చేశారు. తేలు పురుగు జాతిది కాదు, ఎనిమిది కాళ్ళది, సాలీడు చుట్టం. కానీ పొట్టవైపు సాగే ముడుల దారం దానికీ ఉంది. తేలు రాత్రి తిరుగుతుందని రైతుకు చెప్పనక్కరలేదు. ఎందుకు రాత్రే? దాని నాడీ దారంలోని విద్యుత్ చలనానికే పగలూ రాత్రీ లయ ఉందని తిరుపతి వారు చూపారు. రక్తంలో ప్రవహించే పదార్థాలకు ఆ లయతో సంబంధం ఉందన్న వారి వ్యాసం 1967లో నేచర్ పత్రికలో వచ్చింది. మరుసటి ఏడు అక్కడి వారే ఆ నాడీ దారంలో కోలిన్ ఎస్టరేజ్ అనే ఎంజైము కూడా రోజులో వేళను బట్టి హెచ్చుతగ్గులవుతుందని రాశారు. తర్వాత కాలంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పని చేసిన కె. శశిర బాబు, అప్పట్లో జర్మనీలో ఉన్న ఫ్రీడ్రిష్ బార్త్‌తో కలిసి 1984లో ఒక సాలీడు నాడీమండలం పటాన్ని విపులంగా గీశారు. నేటికీ సాలీళ్ళ మీద పని చేసేవారు ఆ వ్యాసాన్ని తిరగేస్తారు. ఇవి మన పాఠ్యపుస్తకాల్లో లేకపోవడం నాకు బాధగా ఉంది.

కోలిన్ ఎస్టరేజ్ అన్నాను కదా. అక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఎందుకంటే ఆ పేరు మన పురుగుమందుల దుకాణంలోకి తీసుకుపోతుంది.

ఒక నాడీకణం పక్క కణానికి కబురు పంపినప్పుడు చాలాచోట్ల అసిటైల్ కోలిన్ అనే రసాయనాన్ని చల్లుతుంది. కబురు చేరగానే దాన్ని తుడిచెయ్యాలి. తుడిచేది ఈ ఎంజైమే. క్లోరిపైరిఫాస్, క్వినాల్‌ఫాస్ లాంటి మందులు ఈ ఎంజైమును కట్టేస్తాయి. కబురు చెరగదు, మోగుతూనే ఉంటుంది, పురుగు వణికి వణికి చస్తుంది. ఇమిడాక్లోప్రిడ్ లాంటివి ఆ రసాయనం వచ్చి కూర్చునే పీట మీదే తిష్ఠ వేస్తాయి. సైహలోథ్రిన్ లాంటివి నరం పొడవునా సోడియం తలుపులను మూసుకోనివ్వవు. మనం చల్లే పురుగుమందుల్లో చాలా భాగం నరాల మందులే. మనం యాభై ఏళ్ళుగా వీపున పంపు కట్టుకుని చేస్తున్నది, ఈ ముడుల మీద చేసిన ప్రయోగమే. తేడా ఏమిటంటే, ఆ ఎంజైము మన ఒంట్లో కూడా ఉంది. మన కండరాలను కదిలించేది ఆ అసిటైల్ కోలినే. మందు కొట్టి ఇంటికి వచ్చిన మనిషికి చెమటలు, నోట్లో నురగ, కంటిపాప చిన్నదైపోవడం, ఆసుపత్రిలో అట్రోపిన్ సూది మీద సూది. ఇది ఈ చుట్టుపక్కల ఏ ఊరికీ కొత్త కాదు. ఆ మంచాల పక్కన కూర్చున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. పురుగుకూ మనిషికీ నరం భాష ఒకటే అన్న సంగతి మాకు జువాలజీ క్లాసులో కంటే ముందు అక్కడ తెలిసింది.

అందుకే పురుగు కదలికను చదవడం ఆర్మూరు రైతుకు విలాసం కాదు. రెండు ఉదాహరణలు చాలు.

పసుపులో దుంప ఈగ. నల్లగా, సన్నగా, పొడుగు కాళ్ళతో, రెక్కల మీద బూడిదరంగు పట్టీలతో ఉంటుంది. శాస్త్రనామం మిమెగ్రాల్లా. దీని పిల్లపురుగులు దుంపను తొలుస్తాయి, దుంప కుళ్ళుతుంది. కానీ కుళ్ళు ముందా, ఈగ ముందా? చాలా కాలంగా వాదం ఉంది. కేరళలో అల్లం మీద పని చేసినవారు, తెగులు సోకి కుళ్ళడం మొదలైన దుంపకే ఈగ వస్తుందన్న వైపు మొగ్గారు. ఈ ప్రశ్న అచ్చంగా మనం ఇంతసేపు మాట్లాడుకున్నదే. ఈగ దేని కోసం తిరుగుతోంది? ఏ వాసన దాన్ని ఆపుతోంది? అది కుళ్ళు వాసనకే వస్తున్నదైతే, ఈగ మీద మందు చల్లడం కంటే నీరు నిలవకుండా చూడటం, ఆరోగ్యమైన విత్తనపు దుంప ఎంచుకోవడం ముందు పని అవుతుంది. పండు ఈగ మెదడు మొత్తానికి పటం గీశారు. దానికి దూరపు చుట్టమైన ఈ ఈగ మన చేలో ఏ వేళ నడుస్తుందో మనం రాసిపెట్టుకోలేదు.

రెండోది గోదాములో. ఉడకబెట్టి, కల్లంలో ఆరబోసి, పాలిష్ పట్టిన పసుపు కొమ్మునూ మండనూ బస్తాల్లో దాచాక వచ్చే చిన్న గోధుమరంగు పెంకు పురుగు. సిగరెట్ పురుగు అంటారు, పొగాకులోనూ ఇదే. బస్తా కదిలిస్తే తల లోపలికి ముడుచుకుని, కాళ్ళు దాచుకుని చచ్చినట్టు పడి ఉంటుంది. పట్టి ఉంచే ముడి గురించి చెప్పాను కదా, దీన్ని చూస్తే అదే గుర్తుకు వస్తుంది. పొద్దు వాలాక లేచి ఎగురుతుంది. ఆడపురుగు సెరికార్నిన్ అనే వాసన వదులుతుంది, మగపురుగు దాన్ని పట్టుకుని వస్తుంది. ఆ వాసనను ప్రయోగశాలలో తయారుచేసి జిగురు అట్టల్లో పెడితే మగపురుగులు వచ్చి అంటుకుంటాయి. వాటిని లెక్కపెడితే గోదాములో పురుగు ఎంత ఉందో ముందే తెలుస్తుంది. విదేశాలకు పోయే పసుపులో మందు అవశేషాలు వెతుకుతున్న ఈ రోజుల్లో, ఒక చుక్క వాసన చెయ్యగల పనికి బస్తాల మీద విషం ఎందుకు చల్లాలి?

జాతీయ పసుపు బోర్డు నిజామాబాదుకు వచ్చింది. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన స్థానం ఉంది. ధర గురించి, ఎగుమతి గురించి అక్కడ మాట్లాడతారు, మాట్లాడాలి కూడా. పురుగు నడక గురించి కూడా అడుగుదాం.

ఈ హాల్లో వెనక వరుసల్లో కూర్చున్న ఇంటర్ పిల్లలకు ఒక మాట. వచ్చే ఆగస్టులో, వాన వెలిసిన ఒక సాయంత్రం, మీ చేలో పసుపు మొక్కల మధ్య గట్టు మీద ఒక గంట కూర్చోండి. చేతిలో వాచీ, నోటు పుస్తకం చాలు. పొడుగు కాళ్ళ నల్ల ఈగ కనబడితే అది ఎన్ని గంటలకు వచ్చింది, ఏ ఆకు మీద ఆగింది, ఎంతసేపు ఆగింది, ఎటు పోయింది, అక్కడి దుంప బాగుందా కుళ్ళిందా, రాయండి. పది రోజులు రాసి, ఆ పుస్తకం పట్టుకుని కమ్మర్‌పల్లి వెళ్ళండి.